అమెరికా కళాశాల బాస్కెట్‌బాల్: ఆట నాణ్యత, ప్రేక్షకుల అనుబంధం

1985 ఏప్రిల్ 1న కెంటకీ రాష్ట్రం లెక్సింగ్టన్‌లోని రప్ అరీనాలో విలనోవా, జార్జ్‌టౌన్ విశ్వవిద్యాలయాలు అమెరికా కళాశాలల పురుషుల బాస్కెట్‌బాల్ ఫైనల్ ఆడాయి. ఆ మ్యాచ్ మొత్తంలో విలనోవా వేసిన షాట్లు 28. వాటిలో 22 పడ్డాయి. 66–64తో కప్పు గెలుచుకుంది. 2011 ఏప్రిల్ 4న హ్యూస్టన్‌లో, డెబ్భై వేల మంది కూర్చున్న ఫుట్‌బాల్ స్టేడియంలో అదే ఫైనల్ జరిగినప్పుడు బట్లర్ విశ్వవిద్యాలయం 64 షాట్లు వేస్తే పడినవి 12. రెండు పాయింట్ల షాట్లయితే 31 వేసి మూడింటితో సరిపెట్టుకుంది. గెలిచిన కనెటికట్ గురి కూడా 35 శాతానికి చేరలేదు. స్కోరు 53–41.

కళాశాల బాస్కెట్‌బాల్ పతనం గురించి రాసేవాళ్లు ఈ రెండో మ్యాచ్‌ను సాక్ష్యంగా చూపడం రివాజు. మొదటి మ్యాచ్‌ను స్వర్ణయుగానికి గుర్తుగా చెప్పుకుంటారు. అయితే రెండిటికీ ఒక పోలిక ఉంది, అది ఎవరికీ పట్టదు. రెండూ నెమ్మదిగా సాగిన ఆటలే. 1985 నాటి ఫైనల్‌కు షాట్ క్లాక్, అంటే ఇన్ని సెకన్లలో షాట్ వేయాలని గడువు పెట్టే గడియారం, కూడా లేదు. అలా గడియారం లేకుండా ఆడిన ఆఖరి ఫైనల్ అదే. విలనోవా బంతిని చేతుల్లో పెట్టుకుని, తనకు నచ్చిన అవకాశం వచ్చేదాకా తిప్పుతూనే ఉంది. అయినా ఆ ఆటను ఎవరూ విసుగు అనలేదు. కారణాలు రెండు. ఒకటి, ఆ జట్టు గురి. రెండు, ఎదుట ఉన్నది జార్జ్‌టౌన్. ఆ సీజన్‌లోనే విలనోవాను రెండుసార్లు ఓడించిన జట్టు, అదే లీగ్‌లోది. దాని నాయకుడు పాట్రిక్ ఈవింగ్ నాలుగో ఏడాది విద్యార్థి. విలనోవా తరఫున నిలిచిన ఎడ్ పింక్నీ కూడా నాలుగో ఏడాదివాడే. నాలుగేళ్లుగా ఒకరికొకరు ఎదురుపడుతూ వచ్చినవాళ్ల ఆఖరి తగాదా అది.

ఆట నాణ్యత వేరు, ఆట మీద జనానికుండే మమకారం వేరు. 1990ల మొదలు 2015 దాకా రెండూ కలిసే దిగజారాయి కాబట్టి ఒకటి తగ్గడం వల్లే రెండోది తగ్గిందని చాలామంది అనుకున్నారు. 2015 తరువాత ఆట తేరుకుంది. మమకారం మాత్రం ఆ లెక్కన తిరిగి రాలేదు. కళాశాల బాస్కెట్‌బాల్‌ను నిలబెట్టింది ఆటగాళ్ల నైపుణ్యం కాదని, వాళ్లు ఒకేచోట గడిపిన ఏళ్లని ఈ వ్యాసంలో నేను చూపదలచుకున్నాను.

ఈ విషయం మన పాఠకులకు కొంత వింతగానే ఉంటుంది. ఇక్కడ అంతర్ విశ్వవిద్యాలయ బాస్కెట్‌బాల్ పోటీ జరిగితే ఆడేవాళ్లు, వాళ్ల స్నేహితులు, పీడీ గారు తప్ప చూసేవాళ్లుండరు. అమెరికాలో ఆ పోటీ ఊరి పండుగ. వృత్తి ఆటగాళ్ల లీగ్ అయిన ఎన్‌బీఏలో కెంటకీ రాష్ట్రానికి జట్టు లేదు. అక్కడి జనానికి తమ జట్టంటే విశ్వవిద్యాలయ జట్టే, ఇరవై వేల మంది పట్టే రప్ అరీనా దాని ఇల్లు. డివిజన్ 1 అనే పైస్థాయిలో 350కి పైగా విశ్వవిద్యాలయాలున్నాయి. మార్చి నెలలో వాటిలో 68 జట్లు ఆడే జాతీయ టోర్నీ ప్రసార హక్కులను సీబీఎస్, టర్నర్ సంస్థలు 2010లో 14 ఏళ్లకు 1,080 కోట్ల డాలర్లకు కొన్నాయి. 2016లో మరో 880 కోట్లు కలిపి ఒప్పందాన్ని 2032 దాకా పొడిగించారు. ఎంఎస్ చదవడానికి వెళ్లిన మన పిల్లల్లో చాలామంది ఆ దేశపు పిచ్చిని మొదట చూసేది క్యాంపస్‌లోని ఈ హాళ్ల ముందు కట్టిన క్యూలలోనే.

గడియారం చేసిన పని

ముందు నాణ్యత సంగతి. 1990–91 సీజన్‌లో డివిజన్ 1 పురుషుల జట్టు ఒక్కో మ్యాచ్‌కు సగటున 76 పైచిలుకు పాయింట్లు సాధించేది. 2012–13 నాటికి అది 67.5కు పడిపోయింది. 1951–52 తరువాత అంత తక్కువ సగటు ఎన్నడూ లేదు. ఆ 2013 జనవరిలోనే నార్తర్న్ ఇల్లినాయ్ జట్టు ఈస్టర్న్ మిషిగన్ మీద మొదటి సగం మొత్తంలో నాలుగు పాయింట్లు చేసింది. ఇరవై నిమిషాల ఆటలో నాలుగు! అంతకు కొన్నేళ్ల ముందే, 2000లో, జాతీయ సెమీఫైనల్‌లో మిషిగన్ స్టేట్, విస్కాన్సిన్ జట్లు 19–17 స్కోరుతో విరామానికి వెళ్లాయి. దేశంలో మిగిలిన నాలుగు ఉత్తమ జట్లలో రెండింటి ఆట అది.

దీనికి అందరూ చూపే కారణం ‘వన్ అండ్ డన్’. 1995లో కెవిన్ గార్నెట్, 1996లో కోబీ బ్రయంట్, 2003లో లెబ్రాన్ జేమ్స్ హైస్కూలు నుంచే నేరుగా ఎన్‌బీఏకు వెళ్లిపోయారు. 2005లో ఎన్‌బీఏ, ఆటగాళ్ల సంఘం చేసుకున్న ఒప్పందంతో అది ఆగింది. 19 ఏళ్లు నిండాలి, హైస్కూలు అయ్యాక ఒక సంవత్సరం గడవాలి. దాంతో గొప్ప ఆటగాళ్లు కళాశాలలో ఒక్క చలికాలం గడిపి వెళ్లడం మొదలైంది. 2007లో కెవిన్ డ్యూరంట్, గ్రెగ్ ఓడెన్ ఆ దారి తొక్కారు. కెంటకీ కోచ్ జాన్ కాలిపారీ దాన్నొక పద్ధతిగా మార్చాడు. ఎన్‌బీఏ జట్లు కొత్త ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో, 2010 మొదటి రౌండ్‌లో ఆయన శిష్యులు ఐదుగురు ఎంపికైతే వాళ్లలో నలుగురు మొదటి ఏడాది విద్యార్థులే. 2012లో ఆంథొనీ డేవిస్‌తో కప్పు కూడా గెలిచాడు.

ఈ వాదన నాకు పూర్తిగా మింగుడుపడదు. డివిజన్ 1లో స్కాలర్‌షిప్ మీద ఆడేవాళ్లు నాలుగు వేలకు తక్కువ ఉండరు. ఏడాదికే ఎన్‌బీఏకు వెళ్లేవాళ్లు పదీ పదిహేను మంది. ఆ కొద్దిమంది వెళ్లినందువల్ల నార్తర్న్ ఇల్లినాయ్‌కు బంతి పడకపోవడం ఏమిటి? వాళ్లసలు ఆ జట్టు మొహం చూసేవాళ్లే కాదు. తొలి ఏడాదివాళ్లను నమ్ముకున్న కెంటకీ, డ్యూక్ జట్లు పాయింట్లు బాగానే చేశాయి. రోగం అన్ని జట్లకూ సోకిందంటే కారణం అన్ని జట్లకూ ఉమ్మడిగా ఉన్న చోట, అంటే నియమాల్లో, వెతకాలి.

అక్కడ మూడు సంగతులు కనిపిస్తాయి. మొదటిది షాట్ క్లాక్. ఎన్‌బీఏ 1954లోనే 24 సెకన్ల గడువు పెట్టుకుంది. కళాశాలలు ముప్పై ఏళ్లు ఆగాయి. 1982 మార్చిలో ఏసీసీ లీగ్ ఫైనల్ ఆడిన నార్త్ కరోలైనాలో మైకేల్ జోర్డాన్, వర్జీనియాలో రాల్ఫ్ శాంప్సన్ ఉన్నారు. అంతటివాళ్లను కోర్టు మీద పెట్టుకుని కోచ్ డీన్ స్మిత్ రెండో సగంలో నిమిషాల తరబడి బంతిని నాలుగు మూలలకూ తిప్పించాడు. 47–45తో గెలిచాడు. టీవీల ముందు కూర్చున్న దేశానికి ఒళ్లు మండింది. 1985–86లో 45 సెకన్ల గడువు వచ్చింది, 1993–94లో 35 అయింది. అక్కడే ఇరవై ఏళ్లు ఆగిపోయింది. మహిళల కళాశాల బాస్కెట్‌బాల్ మాత్రం 1970ల నుంచే 30 సెకన్లతో ఆడుతోంది. ఆ ముచ్చట పురుషుల ఆట నడిపే పెద్దలకు నలభై ఏళ్లు వినిపించలేదు.

రెండోది రక్షణలో మొరటుతనం. బంతితో పరిగెత్తేవాడి నడుం మీద చెయ్యి వేసి నెట్టడం, దారికి అడ్డంగా దూరి కిందపడి ఫౌల్ సంపాదించడం కోచ్‌లు నేర్పే విద్యలయ్యాయి. 2013–14లో దీన్ని కట్టడి చేస్తూ నియమాలు తెచ్చారు. సగటు 71కి ఎక్కింది. మరుసటి ఏడాది రిఫరీలు పట్టు సడలించేసరికి మళ్లీ 67 చిల్లరకు దిగింది. ఈ ఒక్క ఏడాది ఎక్కిదిగడం పరిశోధకుడికి దొరికిన వరం. ఆటగాళ్లు అంతకుముందువాళ్లే, కోచ్‌లూ వాళ్లే. మారింది విజిల్ ఒక్కటే.

మూడోది కోచ్ పెత్తనం. ఒక్కో కోచ్‌కు ఐదు టైమ్‌అవుట్లు, వాటికి తోడు ఒక్కో సగంలో నాలుగు చొప్పున ప్రసారకర్తల విరామాలు. నలభై నిమిషాల ఆట పద్దెనిమిది సార్లు ఆగే వీలుంది. ఆఖరి రెండు నిమిషాలు గడవడానికి పావుగంట పట్టేది. బలహీనమైన జట్టుకు నెమ్మదిగా ఆడటంలో లాభం కూడా ఉంది. బంతి చేతులు మారేది 65 సార్లే అయితే బలవంతుడికి తన బలం చూపే అవకాశాలు తగ్గుతాయి. బట్లర్ లాంటి చిన్న విశ్వవిద్యాలయం వరుసగా రెండేళ్లు, 2010లోనూ 2011లోనూ, ఫైనల్‌కు చేరడంలో ఈ లెక్కకూ పాలుంది. కోచ్ తప్పు చేయలేదు. అతడి వివేకం ప్రేక్షకుడికి శిక్ష అయింది.

2015–16లో గడువును 30 సెకన్లకు తగ్గించారు. కోచ్‌ల టైమ్‌అవుట్లలో ఒకటి కోసేశారు. ఆట నడుస్తుండగా కోచ్ టైమ్‌అవుట్ అడిగే హక్కు తీసేశారు. బాస్కెట్ కింద రక్షకుడు ఫౌల్ సంపాదించడానికి వీల్లేని అర్ధవృత్తాన్ని మూడడుగుల నుంచి నాలుగడుగులకు పెంచారు. ఆ ఒక్క సీజన్‌లోనే సగటు 73 దాకా లేచింది. ఆ తరువాత మళ్లీ 67కు పడిపోలేదు. ఒక్కో అవకాశానికి ఎన్ని పాయింట్లు వస్తున్నాయో లెక్కగట్టే కెన్ పోమరాయ్ పట్టికల్లో 2024–25 సీజన్ అప్పటికి రికార్డుగా నిలిచింది. త్రీ పాయింట్ గీతను వెనక్కి జరిపిన తరువాత కూడా గురి నిలబడింది. నాణ్యత అనే మాటకు కొలిచి చెప్పగల అర్థం ఏదైనా ఉంటే, ఈనాటి కళాశాల ఆట పదిహేనేళ్ల కిందటి ఆట కంటే స్పష్టంగా మెరుగు.

చలికాలం విలువ పడిపోవడం

అయితే జనం ఎందుకు గొణుగుతున్నారు? మొదటి జవాబు మార్చి నెలలోనే ఉంది.

1974 మార్చిలో ఏసీసీ లీగ్ ఫైనల్‌లో నార్త్ కరోలైనా స్టేట్ అదనపు సమయంలో మేరీలాండ్‌ను 103–100తో ఓడించింది. అప్పట్లో లీగ్‌కు ఒక్క జట్టే జాతీయ టోర్నీకి వెళ్లాలి. దేశంలోని మేటి జట్లలో ఒకటైన మేరీలాండ్ ఇంటిదారి పట్టింది. గెలిచిన జట్టు వెళ్లి యూసీఎల్‌ఏ వరుస ఏడు కప్పుల జోరును ఆపి చాంపియన్ అయింది. ఆ అన్యాయం చూశాక మరుసటి ఏడాది టోర్నీని 32 జట్లకు పెంచారు. 1985లో 64, 2001లో 65, 2011లో 68. ప్రతిసారీ న్యాయమైన కారణమే ఉంది, డబ్బూ ఉంది. కానీ ప్రతిసారీ జనవరి, ఫిబ్రవరి మ్యాచ్‌ల బరువు కొంత తగ్గింది. ఓడినా మార్చిలో చోటు ఖాయమని తెలిసిన రెండు పెద్ద జట్లు మంగళవారం రాత్రి ఆడుతుంటే, గెలుపు ఓటములు టోర్నీలో వాటి స్థానాన్ని ఒక మెట్టు అటో ఇటో జరుపుతాయంతే. మూడు వారాల ఉత్సవం నాలుగు నెలల సీజన్‌ను మింగేసింది. ఆఫీసుల్లో బ్రాకెట్ కాగితాలు నింపి పందేలు కాసే కోట్ల మందిలో, నవంబరు నుంచి ఆ జట్లను చూసినవాళ్లు ఏపాటి ఉంటారు?

రెండో దెబ్బ లీగ్‌ల పునర్వ్యవస్థీకరణ. ఇది బాస్కెట్‌బాల్ కోసం జరిగింది కూడా కాదు, అమెరికన్ ఫుట్‌బాల్ ప్రసార హక్కుల కోసం జరిగింది. 1979లో పుట్టిన బిగ్ ఈస్ట్ లీగ్ 1985లో ఆఖరి నలుగురిలో ముగ్గురిని పంపింది: జార్జ్‌టౌన్, విలనోవా, సెయింట్ జాన్స్. వాషింగ్టన్, ఫిలడెల్ఫియా, న్యూయార్క్. రైలెక్కితే కొన్ని గంటల దూరంలో ఉన్న నగరాలు. 2013లో సిరక్యూస్, పిట్స్‌బర్గ్ ఏసీసీకి వెళ్లిపోయాయి, పాత బిగ్ ఈస్ట్ ముక్కలైంది. 2012లో మిజూరీ లీగ్ మారడంతో కాన్సస్‌తో దానికున్న శతాబ్దపు వైరం దాదాపు పదేళ్లు ఆగింది. 2014లో మేరీలాండ్ ఏసీసీని వదిలింది. 2024లో పసిఫిక్ తీరంలోని పాక్–12 లీగే చెల్లాచెదురైంది. లాస్ ఏంజెలెస్‌లోని యూసీఎల్‌ఏ ఇప్పుడు న్యూజెర్సీలోని రట్‌గర్స్‌తో లీగ్ మ్యాచ్ ఆడుతుంది. కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫర్డ్ చేరిన ఏసీసీ పేరులో అట్లాంటిక్ తీరం ఉంది. పొరుగూరితో పోటీ అంటే కాలేజీ, ఆఫీసు, చర్చి, పెళ్లి విందు అన్నిచోట్లా ఏడాది పొడుగునా నడిచే ఎగతాళి. ఆ ఎగతాళి కోసమే జనం మ్యాచ్‌కు వెళ్లేవాళ్లు. మూడు వేల మైళ్ల అవతలి జట్టును ఎగతాళి చేయాలంటే ఎదుటివాడు ఉండడు.

ఒకే కళాశాలలో ఉండటం

అన్నిటికంటే లోతైన మార్పు ఆటగాళ్ల కదలికలో వచ్చింది. 2018 అక్టోబరులో ‘ట్రాన్స్‌ఫర్ పోర్టల్’ అనే కంప్యూటర్ జాబితా మొదలైంది. వేరే కళాశాలకు మారదలచిన ఆటగాడి పేరు అందులో చేరితే ఏ కోచ్ అయినా అతడితో మాట్లాడవచ్చు. అప్పటికింకా మారినవాడు ఒక ఏడాది ఆడకుండా కూర్చోవాలి. 2021 ఏప్రిల్‌లో ఒకసారికి ఆ శిక్ష ఎత్తేశారు. 2023 డిసెంబరులో వెస్ట్ వర్జీనియాలోని ఫెడరల్ కోర్టు ఉత్తర్వు తరువాత, 2024లో ఎన్నిసార్లయినా మారే స్వేచ్ఛ వచ్చింది. అంతకుముందే 2021 జులై 1 నుంచి ఆటగాళ్లు తమ పేరు, రూపాల మీద డబ్బు సంపాదించుకునే హక్కు పొందారు. ఇప్పుడు ఏటా రెండు వేలకు పైగా పురుష ఆటగాళ్లు పోర్టల్‌లోకి వస్తున్నారు. 2024 వసంతంలో కాలిపారీ ఆర్కన్సాకు వెళ్లాక కెంటకీ పగ్గాలు అందుకున్న మార్క్ పోప్‌కు పాత జట్టు నుంచి స్కాలర్‌షిప్ ఆటగాడు ఒక్కడూ మిగల్లేదు. జట్టు మొత్తాన్ని కొత్తగా కూర్చి, మరుసటి మార్చిలో ఆఖరి పదహారు జట్లలోకి తెచ్చాడు. కోచ్‌గా అది గొప్ప పనే. 2024 నవంబరులో రప్ అరీనాకు వచ్చినవాళ్లకు మాత్రం చొక్కా రంగు తప్ప తెలిసినది ఏదీ లేదు.

ఇక్కడ పాత వాదనను తలకిందులు చేసే అంకె ఒకటుంది. కళాశాల చదువు పూర్తవకుండా, లేదా గడువుకు ముందే, ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌కు పేరిచ్చినవాళ్లు 2021లో 353 మంది. 2025లో 106. కళాశాలలోనే డబ్బు దొరుకుతుండటంతో ఎన్‌బీఏ రెండో రౌండ్‌కో, యూరప్ లీగ్‌లకో వెళ్లవలసిన ఆటగాళ్లు ఆగిపోతున్నారు. కోవిడ్ ఏడాదికి ఇచ్చిన అదనపు అవకాశంతో ఇరవై మూడు, ఇరవై నాలుగేళ్లవాళ్లు కూడా ఆడారు. ఆట మెరుగుపడటంలో వీళ్ల వయసుకు పెద్ద వాటా ఉంది. అంటే, ‘వన్ అండ్ డన్’ మీద ఏడ్చినవాళ్ల కోరిక తీరింది. ఆటగాళ్లు కళాశాలలో ఉంటున్నారు. ఒకే కళాశాలలో ఉండటం లేదు.

2025 టోర్నీ ఇందుకు అద్దం. ఆఖరి పదహారు జట్లూ నాలుగంటే నాలుగు పెద్ద లీగ్‌ల నుంచే వచ్చాయి. ఒక్క ఎస్ఈసీ నుంచే ఏడు. నాలుగు ప్రాంతాల్లోనూ మొదటి ర్యాంకు జట్లే సెమీఫైనల్‌కు చేరాయి. 2008 తరువాత అలా జరగడం ఇదే మొదలు. హ్యూస్టన్‌ను 65–63తో ఓడించి కప్పు గెలిచిన ఫ్లోరిడా జట్టులో ముగ్గురు ప్రధాన గార్డులూ చిన్న విశ్వవిద్యాలయాల నుంచి వచ్చినవాళ్లే: వాల్టర్ క్లేటన్ ఐయోనా నుంచి, విల్ రిచర్డ్ బెల్మంట్ నుంచి, అలైజా మార్టిన్ ఫ్లోరిడా అట్లాంటిక్ నుంచి. మార్టిన్ కథ ప్రత్యేకంగా చెప్పుకోవాలి. 2023లో ఫ్లోరిడా అట్లాంటిక్ అనే చిన్న జట్టు ఎవరూ ఊహించని రీతిలో ఆఖరి నాలుగు జట్లలోకి వచ్చి, శాన్ డియాగో స్టేట్ చేతిలో ఆఖరి క్షణపు షాట్‌తో 72–71తో ఓడింది. వెనకటి రోజులైతే ఆ జట్టు మళ్లీ మళ్లీ ప్రయత్నించేది, బట్లర్ 2010 తరువాత 2011లో వచ్చినట్లు. మరుసటి ఏడాది టోర్నీ మొదటి రౌండ్‌లోనే ఓడగానే అది విడిపోయింది. కోచ్ డస్టీ మే మిషిగన్‌కు వెళ్లాడు, పొడగరి వ్లాదిస్లావ్ గోల్డిన్ అతడి వెంట నడిచాడు. జానెల్ డేవిస్ ఆర్కన్సా చేరాడు. మార్టిన్ ఫ్లోరిడాలో చాంపియన్ అయ్యాడు. ఎవరి వరకు వాళ్లు బాగుపడ్డారు. బొకా రటోన్‌లో ఆ జట్టును పెంచుకున్న ఊరికి మిగిలింది ఒక్క వసంతం.

మహిళల ఆట ఇదే కాలంలో ఎదురుదారిన నడిచింది. డబ్ల్యూఎన్‌బీఏ నియమం ప్రకారం అమెరికన్ క్రీడాకారిణి డ్రాఫ్ట్‌కు రావాలంటే ఆ ఏడాదికి 22 ఏళ్లు రావాలి, లేదా చదువు ముగియాలి. కాబట్టి అయోవా రాష్ట్రంలోనే పుట్టి పెరిగిన కెయిట్లిన్ క్లార్క్ అయోవా విశ్వవిద్యాలయానికి 2020 నుంచి 2024 దాకా నాలుగేళ్లు ఆడింది. 3,951 పాయింట్లతో, పీట్ మారవిచ్ పేరిట అర్ధశతాబ్దంగా ఉన్న 3,667 పాయింట్ల రికార్డును దాటింది. 2023 అక్టోబరులో ఫుట్‌బాల్ మైదానంలో ఆరుబయట ఆడిన ప్రదర్శన మ్యాచ్‌కు 55 వేలకు పైగా జనం వచ్చారు. 2023 ఫైనల్‌లో ఎల్ఎస్‌యూ చేతిలో ఓటమి, ఆ జట్టులోని ఏంజెల్ రీస్‌తో చెలరేగిన మాటల రగడ, మరుసటి ఏడాది అదే జట్టు మీద పగ తీర్చుకోవడం, ఇవన్నీ ఒక కథలో అధ్యాయాల్లా వచ్చాయి. 2024 ఏప్రిల్‌లో సౌత్ కరోలైనాతో ఆమె ఆడిన ఆఖరి ఫైనల్‌ను కోటీ 89 లక్షల మంది చూశారు. మరునాటి పురుషుల ఫైనల్‌ను చూసినవాళ్లు కోటీ 48 లక్షలు. మహిళల ఫైనల్ పురుషుల ఫైనల్‌ను దాటడం చరిత్రలో అదే మొదలు.

ఈ సాక్ష్యాన్ని జాగ్రత్తగా వాడాలి. ఆ ఏడాది మహిళల మ్యాచ్ అందరికీ అందే ఏబీసీలో వచ్చింది, పురుషులది టీబీఎస్ తదితర కేబుల్ చానళ్లలో. పురుషుల వైపు కూడా పర్డ్యూ జట్టులో నాలుగేళ్లు ఒకేచోట ఆడిన జాక్ ఈడీ ఉన్నాడు. (కెనడావాడైన ఈడీ విద్యార్థి వీసా మీద ఉండటంతో తోటి ఆటగాళ్లలా అమెరికాలో వాణిజ్య ఒప్పందాలు చేసుకునే వీలు లేకపోయింది. ఎఫ్–1 నిబంధనలతో వేగిన మన పిల్లలకు ఆ బాధ వేరే చెప్పనక్కర్లేదు.) రీస్ కూడా మేరీలాండ్ నుంచి ఎల్ఎస్‌యూకు మారి వచ్చిందే. క్లార్క్ వెళ్లిపోయాక, 2025లో మహిళల ఫైనల్ వీక్షకులు 85 లక్షల ప్రాంతానికి తగ్గారు, పురుషులది కోటీ 81 లక్షలకు ఎక్కింది. ఒక తార చేసిన మాయ అని కొట్టిపారేయవచ్చు. కానీ తారలకు పురుషుల ఆటలోనూ కొరత లేదు. క్లార్క్‌కు ఉండి వాళ్లకు లేనిది, జనం ఆమె ఎదుగుదలను ఒకే చొక్కాలో నాలుగు చలికాలాలు చూడటం. 1979లో మ్యాజిక్ జాన్సన్, లారీ బర్డ్ తలపడిన ఫైనల్ సాధించిన 24.1 టీవీ రేటింగ్‌ను కళాశాల బాస్కెట్‌బాల్‌లో నేటికీ ఏ మ్యాచ్ అందుకోలేదు. ఇండియానా స్టేట్ అనే మారుమూల విశ్వవిద్యాలయానికి బర్డ్ మూడేళ్లు ఆడాడు.

ఎవరి జేబు నుంచి

పాత రోజుల గురించి ఇంత చెప్పాక, ఆ రోజుల ఖర్చు ఎవరు భరించారో చెప్పకపోతే ఈ పరిశీలన కుంటిదవుతుంది. ఆ నిలకడ ఆటగాళ్లు కోరి ఇచ్చినది కాదు. వేరే కళాశాలకు పోతే ఏడాది కూర్చోబెట్టే నియమం, స్కాలర్‌షిప్‌కు మించి పైసా తీసుకోకూడదన్న కట్టుబాటు వాళ్లను అక్కడ ఉంచాయి. కోచ్‌లు లక్షల డాలర్ల జీతాలతో మెరుగైన ఉద్యోగాలకు ఎప్పుడంటే అప్పుడు వెళ్లేవాళ్లు. ఆటగాళ్లలో అత్యధికులు నల్లజాతి యువకులు, చాలామంది పేద ఇళ్లవాళ్లు. 1995లో యూసీఎల్‌ఏకు కప్పు తెచ్చిన ఎడ్ ఓబానన్ చాలా ఏళ్ల తరువాత ఒక వీడియో గేమ్‌లో తన బొమ్మను చూసుకుని, దాని మీద తనకు ఒక్క సెంటు రాలేదని 2009లో కోర్టుకెక్కాడు. 2014లో కనెటికట్‌ను చాంపియన్ చేసిన షబాజ్ నేపియర్ కొన్ని రాత్రులు ఆకలితోనే పడుకుంటానని విలేఖరులతో చెప్పాడు. కొద్దిరోజులకే కళాశాల క్రీడలను నడిపే సంస్థ ఎన్‌సీఏఏ భోజనాల మీద పరిమితి ఎత్తేసింది. 2017 సెప్టెంబరులో ఎఫ్‌బీఐ నలుగురు సహాయ కోచ్‌లను అరెస్టు చేసినప్పుడు బయటపడింది కొత్త నేరం కాదు, అందరికీ తెలిసి ఎవరూ పలకని, ఆటగాళ్ల చుట్టూ చాటుగా డబ్బు చేతులు మారే పాత బేరమే. 2021 జూన్ 21న, ఆటగాళ్లు వేసిన ఆల్‌స్టన్ కేసులో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తులూ ఒక్కమాటగా ఎన్‌సీఏఏకు వ్యతిరేకంగా తీర్పు ఇచ్చారు.

ఈ తీర్పుల వల్ల ఆట పాడైందనే వాళ్లతో నేను ఏకీభవించను. కోచ్‌ల్లో కొందరికి కొత్త వాతావరణం పడలేదన్నది నిజం. 2021లో రాయ్ విలియమ్స్, 2022లో జే రైట్ తప్పుకున్నారు. 2019లో వర్జీనియాకు కప్పు తెచ్చిన టోనీ బెనెట్ 2024 అక్టోబరులో, సీజన్‌కు మూడు వారాల ముందు, ఈ పరిస్థితుల్లో జట్టును నడపడానికి తాను తగినవాణ్ని కానని చెప్పి వెళ్లిపోయాడు. ఆయన నిజాయితీని మెచ్చుకోవాలి. వర్జీనియాలో ఆయన ఆడించిన నెమ్మది ఆట నాకు ఏనాడూ నచ్చకపోయినా, నాలుగేళ్లపాటు కుర్రాళ్లను పెంచిన తీరు అపురూపం. కానీ పెంచేవాడి పద్ధతి పెరిగేవాడి చేతులు కట్టేస్తేనే నడుస్తుందంటే, తప్పు కుర్రాడిది కాదు.

నిలకడను బలవంతంగా తెచ్చే దారి ఇప్పుడు మూసుకుపోయింది. కొనుక్కునే దారి ఒకటుంది. 2025 జూన్ 6న, ఆటగాళ్లు వేసిన హౌస్ కేసులో రాజీని కోర్టు ఆమోదించడంతో విశ్వవిద్యాలయాలు నేరుగా ఆటగాళ్లకు చెల్లించవచ్చు. మొదటి ఏడాదికి ఒక్కో విద్యాలయానికి పరిమితి, అన్ని క్రీడలకూ కలిపి, 2.05 కోట్ల డాలర్లు. కొన్ని ఒప్పందాల్లో ముందుగా వెళ్లిపోతే పరిహారం కట్టాలన్న షరతులు పెడుతున్నారు. ఎన్‌బీఏలో ఆటగాడు మూడేళ్లో నాలుగేళ్లో ఒక జట్టుతో ఉంటాడంటే కారణం ఇదే. అక్కడ యజమాని ఉన్నాడు, ఉద్యోగి ఉన్నాడు, ఇద్దరి మధ్య సంఘం కుదిర్చిన ఒప్పందం ఉంది. ఆ ఒప్పందం ఉంది కాబట్టే అక్కడి కట్టుబాట్లు కోర్టుల్లో నిలుస్తున్నాయి. ఎన్‌సీఏఏ మాత్రం ఆటగాళ్లను ఉద్యోగులుగా ఒప్పుకోదు. ఒప్పుకోకుండానే తన నియమాలకు రక్షణగా చట్టం చేయమని అమెరికా కాంగ్రెస్ గుమ్మం ముందు నిలబడి ఉంది. ప్రేక్షకులు కోరే నిలకడకు, ఆటగాళ్లు గెలుచుకున్న హక్కుకు చోటున్న ఒకే ఒక్క ఏర్పాటును అది కాలదన్నుకుంటోందని నాకనిపిస్తుంది.

ఆ ఏర్పాటుకు దగ్గరగా వెళ్లింది ఒక్క జట్టే, అదీ ఎవరూ అనుకోని చోట. ఆటకు స్కాలర్‌షిప్‌లే ఇవ్వని ఐవీ లీగ్‌లోని డార్ట్‌మత్ కళాశాల పురుషుల బాస్కెట్‌బాల్ జట్టు ఉద్యోగుల కిందకే వస్తుందని 2024 ఫిబ్రవరిలో జాతీయ కార్మిక సంబంధాల బోర్డు ప్రాంతీయ అధికారి తేల్చారు. మార్చి 5న ఆటగాళ్లు 13–2 ఓట్లతో సంఘం పెట్టుకున్నారు. కళాశాల బేరానికి కూర్చోనంది. బోర్డులోకి కొత్త ప్రభుత్వం నియమించే సభ్యులు వచ్చేలోగా, డిసెంబరు 31న, సంఘమే తన దరఖాస్తును వెనక్కి తీసుకుంది.